సర్వర్ లెక్కలో మీరెవరు? రిమోట్ లాగిన్‌లో గుర్తింపు చిక్కులు విప్పడం

రిమోట్ సర్వర్ ‘పర్మిషన్ డినైడ్’ అనగానే చాలామంది ముందు పాస్‌వర్డ్ రీసెట్ చేయించుకుంటారు. అప్పటికీ కుదరకపోతే ఉన్న కీ (పాస్‌వర్డ్‌కు బదులు రుజువుగా వాడే ఫైలు) పారేసి కొత్తది చేసుకుంటారు. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా, హోమ్ ఫోల్డర్ అనుమతులు వదులుగా ఉన్నా, అకౌంట్ తాత్కాలికంగా లాక్ అయినా సర్వర్ చెప్పేది అదే మాట. కొత్త కీ ఈ మూడిట్లో ఒక్కదాన్నీ బాగుచేయదు. పైగా ఏది ఎక్కడ తప్పిందో తేల్చుకునే ఆధారాన్ని చెరిపేస్తుంది.

లాగిన్ అంటే ఒక తలుపు కాదు, వరుసగా నాలుగు తలుపులు. ఏ పేరుతో వచ్చావు? ఆ పేరు నాకు తెలుసా, తెలిస్తే దాని నంబరెంత? ఆ మనిషివి నువ్వేనని రుజువేంటి? రుజువు సరిపోయినా నిన్ను రానివ్వొచ్చా? సర్వర్ ఈ వరుసలోనే అడుగుతుంది. మనం ఏ తలుపు దగ్గర ఆగామో తేలితే సగం పని అయిపోయినట్టే.

అంతకంటే ముందు ఒక వడపోత. ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అన్నా, ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అన్నా మీ పేరు ఇంకా సర్వర్ చెవిన పడలేదని అర్థం. అది వీపీఎన్, ఫైర్‌వాల్, 22వ పోర్టు వ్యవహారం. ‘రిమోట్ హోస్ట్ ఐడెంటిఫికేషన్ హ్యాజ్ చేంజ్డ్’ అన్న పెద్దక్షరాల హెచ్చరిక కూడా మీ గుర్తింపు గురించి కాదు, సర్వర్ గుర్తింపు గురించి. సర్వర్‌ను కొత్తగా కట్టారని అడ్మిన్‌తో నిర్ధారించుకున్నాకే, మీ లాప్‌టాప్ ఆ సర్వర్ గురించి గుర్తుపెట్టుకున్న పాత ఎంట్రీ తీసేయాలి. అడక్కుండా తీసేయడం మంచిది కాదు.

మొదటి తలుపు: మీరు పంపిన పేరు

మీరు పేరు చెప్పకపోతే ఎస్‌ఎస్‌హెచ్ (రిమోట్ సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ చేయించే ప్రోగ్రామ్) మీ లాప్‌టాప్‌లోని యూజర్ పేరునే తీసుకుని పంపుతుంది. ఇంట్లో సొంత లాప్‌టాప్‌లో ‘అమ్మ’ అనో ‘హోమ్’ అనో అకౌంట్ ఉంటే సర్వర్‌కు వెళ్లేదీ అదే. ఆఫీసు విండోస్ లాప్‌టాప్ డొమైన్‌లో చేరి ఉంటే డొమైన్ పేరు కూడా ముందు తగులుకుని వెళ్లొచ్చు. హోమ్ ఫోల్డర్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్లో ఎప్పుడో రాసి మరిచిపోయిన ‘యూజర్’ లైను మరో మాయ. అది చాలా హోస్ట్‌లకు, అంటే సర్వర్లకు, ఒకేసారి వర్తిస్తూ ఉండొచ్చు.

ఊహించే పని లేదు, చూడొచ్చు. ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌కు డాష్, పెద్ద అక్షరం ‘జి’ చేర్చి హోస్ట్ పేరు ఇస్తే కనెక్ట్ కాకుండానే చివరికి అమలయ్యే సెట్టింగులన్నీ చూపిస్తుంది. అందులో ‘యూజర్’ లైను చదవండి. కనెక్ట్ అయ్యేటప్పుడు చూడాలంటే డాష్, చిన్న ‘వి’ చేర్చండి. వచ్చే చాంతాడంత అవుట్‌పుట్‌లో ‘అథెంటికేటింగ్ టు’ అని మొదలయ్యే లైను ఒకటి ఉంటుంది. ఏ హోస్ట్‌కు, ఏ పోర్టులో, ఏ పేరుతో వెళ్తున్నారో ఆ ఒక్క లైనే చెబుతుంది. పేరు తప్పని అక్కడ తేలితే మిగతా అవుట్‌పుట్ చదవక్కర్లేదు.

క్లౌడ్ మెషీన్లలో పేర్లు ఇమేజ్‌ను (మెషీన్‌లో ముందే నింపి ఇచ్చే రెడీమేడ్ సిస్టమ్‌ను) బట్టి మారతాయి. అమెజాన్ లినక్స్‌లో ‘ఈసీ2-యూజర్’, ఉబుంటు ఇమేజ్‌లో ‘ఉబుంటు’, అమెజాన్‌లోని డెబియన్ ఇమేజ్‌లో ‘అడ్మిన్’. అమీర్‌పేట ల్యాబ్‌లో ఒక ఇమేజ్‌తో నేర్చుకుని ఆఫీసులో ఇంకో ఇమేజ్ ఎదురైతే, కీ సరైనదే అయినా పేరు దగ్గరే ఆగిపోతారు.

మన పేర్ల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తెలుగువాళ్ల ఇంటిపేరు ముందు వస్తుంది. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని అడిగే ఫారంలో ఒకరు ఇంటిపేరు ముందు రాస్తారు, ఇంకొకరు వెనక రాస్తారు. హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ ఆ రెండిటి నుంచే యూజర్‌ఐడీ తయారుచేస్తుంది. ఒకే టీములో ఒకరి ఐడీ ఇంటిపేరుతో మొదలైతే పక్కవాళ్లది సొంత పేరుతో మొదలవుతుంది. ఆపైన స్పెల్లింగు. స్వాతిలో ‘టి’ తర్వాత ‘హెచ్’ ఉందా, లక్ష్మికి ‘ఎక్స్’ వాడారా ‘కెఎస్‌హెచ్’ వాడారా, శ్రీనివాస్‌కు ‘ఐ’ ఒకటా ‘ఇ’లు రెండా? ఇవి మనకు ఒకటే, సర్వర్‌కు మాత్రం వేర్వేరు మనుషులు. లినక్స్‌లో సాధారణంగా పెద్దక్షరం, చిన్నక్షరం తేడా కూడా లెక్కలోకి వస్తుంది. ఫోన్ నుంచి లాగిన్ అయితే కీబోర్డు తనంతట తానే మొదటి అక్షరాన్ని పెద్దది చేసేస్తుంది. కాబట్టి యూజర్‌ఐడీని నోటిమాటగా తీసుకోకండి. ఐడీ ఇచ్చిన మెయిల్ చూసి అక్షరం అక్షరం సరిచూసుకోండి.

కాపీ చేసుకున్నా గండం తప్పదు. తెలుగులో పొల్లు అక్షరం తర్వాతి అక్షరంతో కలిసిపోకుండా కీబోర్డు వేసే కంటికి కనపడని గుర్తు ఒకటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. తెలుగులో రాసిన చాట్ మెసేజ్ నుంచి ఐడీని ఎత్తితే ఆ గుర్తు కూడా తోక పట్టుకుని వచ్చేయొచ్చు. తెరమీద పేరు చక్కగా కనిపిస్తుంది, సర్వర్ మాత్రం ఒప్పుకోదు. సర్వర్ జరిగినవన్నీ రాసుకునే లాగ్‌లో దొరికిపోతుంది: పేరు చివర \342\200\214 అని ఉంటే అదే. \302\240 అని ఉంటే అది వెబ్ పేజీల నుంచి వచ్చే విడిపోని ఖాళీ. రెండిటికీ మందు ఒకటే, చేత్తో టైపు చేయడం.

సర్వర్ మీతో చెప్పదు, లాగ్‌తో చెబుతుంది

హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌ల దొంగతనం జరిగాక 1995లో తాతు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశారు. అలా పుట్టిన పనిముట్టు బయటివాళ్లతో పొదుపుగా మాట్లాడటంలో వింత లేదు. పేరు లేకపోయినా, పాస్‌వర్డ్ తప్పయినా ఒకే జవాబిస్తుంది. తేడా చెబితే ఏ పేర్లు నిజమైనవో దొంగ కూర్చుని ఏరుకుంటాడు. ఎస్‌ఎస్‌హెచ్‌కు ఓపెన్ సోర్స్ రూపమైన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఆ తేడా బయటపడే లోపాన్ని 2018లో కనిపెట్టి, 7.8 వెర్షన్‌లో సరిచేశారు. కాబట్టి తెరమీది సందేశాన్ని ఎంత తదేకంగా చూసినా అంతకు మించి రాదు. సర్వర్ వైపు లాగ్ చూడగలిగిన మనిషి కావాలి.

ఉబుంటు, డెబియన్‌లలో అది ‘వార్ లాగ్’ కింద ‘ఆథ్ డాట్ లాగ్’ ఫైలు, రెడ్‌హ్యాట్ కుటుంబంలో అక్కడే ‘సెక్యూర్’ ఫైలు. ఆ ఫైలు లేని కొత్త సిస్టమ్‌లలో జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో చూడాలి. గడియారం విషయంలో జాగ్రత్త. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ తెరిచింది. సర్వర్ అక్కడే ఉన్నా దాని గడియారం మామూలుగా యూటీసీలో, అంటే మన టైముకు ఐదున్నర గంటలు వెనక నడుస్తుంది. మీరు మధ్యాహ్నం 2:45కు ప్రయత్నించారంటే లాగ్‌లో వెతకాల్సింది 9:15. అడ్మిన్‌కు టికెట్ రాసేటప్పుడు రెండు టైములూ, మీ ఐపీ చిరునామా, పంపిన పేరు రాయండి. ‘లాగిన్ అవ్వట్లేదు, అర్జెంట్’ అని రాస్తే ఆ వివరాలు అడగడానికే ఒక పూట పోతుంది.

లాగ్‌లో కొన్ని మాటలు పట్టిచ్చేస్తాయి. ‘ఇన్‌వాలిడ్ యూజర్’ అన్న మాటతోనే లైను మొదలైతే ఆ పేరు సర్వర్‌కు తెలియదు. ‘క్లోజ్డ్ బై అథెంటికేటింగ్ యూజర్’ అని ఉంటే పేరు తెలుసు, రుజువు సరిపోలేదు. ఇక్కడ చాలామంది పొరబడే చోటొకటుంది. పేరు ఉన్నా అనుమతి జాబితాలో లేకపోతే ముందు ‘నాట్ అలౌడ్ బికాజ్’ అని ఒక లైను పడుతుంది. ఆ తర్వాతి లైన్లలో అదే మనిషిని సర్వర్ ‘ఇన్‌వాలిడ్ యూజర్’ అనే పిలుస్తుంది. చివరి లైను చదివి ‘అకౌంటే లేదు’ అని తేల్చేయకూడదు. ఆ కనెక్షన్ మొదటి లైను నుంచి చదవాలి.

రెండో తలుపు: పేరు వెనక నంబరు

లినక్స్ కెర్నెల్‌కు పేర్లతో పనిలేదు. ప్రతి ప్రాసెస్‌కూ, ప్రతి ఫైలుకూ ఉండేది యూఐడీ అనే నంబరు. రూట్ అంటే 0. మామూలు యూజర్లు ఇప్పటి సిస్టమ్‌లలో 1000 నుంచి మొదలవుతారు. పేరు నుంచి నంబరుకు వెళ్లే దారి ‘ఈటీసీ’ కింది ‘ఎన్‌ఎస్ స్విచ్’ ఫైల్లో రాసి ఉంటుంది: ముందు సొంత ఫైళ్లు, తర్వాత ఎస్‌ఎస్‌ఎస్‌డీ అనే సర్వీసు ద్వారా కంపెనీ డైరెక్టరీ (అందరి అకౌంట్లూ ఒకే చోట ఉండే జాబితా), ఇలా.

ఆ దారి బాగుందో లేదో చూడటానికి ‘గెటెంట్’ కమాండ్‌ను మించింది లేదు. దాని తర్వాత ‘పాస్‌వర్డ్’ అన్న మాటను ‘ఓ’, ‘ఆర్’ తీసేసిన పాత యూనిక్స్ స్పెల్లింగులో రాసి, యూజర్ పేరు ఇవ్వాలి. జవాబుగా ఒక లైను వస్తే పేరు దొరికినట్టే. అందులోనే యూఐడీ, హోమ్ ఫోల్డర్, షెల్ కూడా ఉంటాయి. ఏమీ రాకపోతే ఆ సర్వర్‌కు ఆ మనిషి లేడు, ఎన్ని కీలు మార్చినా దండగే. ‘ఈటీసీ’ కింద అదే స్పెల్లింగుతో ఉండే పాస్‌వర్డ్ ఫైలు తెరిచి పేరు వెతకడం మాత్రం పొరపాటు. డైరెక్టరీలో ఉన్న యూజర్లు ఆ ఫైల్లో ఎప్పుడూ కనపడరు.

డైరెక్టరీ యూజర్ల విషయంలో రెండు సంగతులు తరచూ ఇబ్బంది పెడతాయి. కొన్ని చోట్ల పేరు వెనక ‘యాట్’ గుర్తు, డొమైన్ ఉంటేనే సర్వర్ గుర్తుపడుతుంది. ఉత్త పేరుతో గెటెంట్ ఖాళీ చూపి, డొమైన్‌తో కలిపితే జవాబిస్తే కారణం అదే. రెండోది నిల్వ. ఎస్‌ఎస్‌ఎస్‌డీ ఒకసారి తెచ్చుకున్న వివరాన్ని మామూలుగా 5400 సెకన్లు, అంటే గంటన్నర దాచుకుంటుంది. డైరెక్టరీలో ఇప్పుడే గ్రూపులో చేర్చినా సర్వర్‌కు ఆ కబురు అందలేదంటే ఈ నిల్వే కారణం కావచ్చు. ‘ఎస్‌ఎస్‌ఎస్ క్యాష్’ కమాండ్‌కు డాష్ చిన్న ‘యు’తో ఆ ఒక్క యూజర్ పేరిస్తే సరిపోతుంది. ఉన్న నిల్వ మొత్తాన్ని తుడిచేస్తే ఆ పక్క క్షణంలోనే డైరెక్టరీ అందకపోయినప్పుడు అందరూ బయటే నిలిచిపోతారు.

కొన్నిసార్లు లోపలికి వచ్చాక ప్రాంప్ట్‌లో ‘ఐ హ్యావ్ నో నేమ్’ అని కనిపిస్తుంది. నంబరుంది, దానికి పేరు దొరకలేదని దాని భావం. కంటైనర్లలో ఇది మామూలే, అక్కడ చాలాసార్లు హానీ లేదు. మామూలు సర్వర్‌లో కనిపిస్తే మాత్రం డైరెక్టరీ సర్వీసు ఆగిందేమో, లేదా ఆ పాస్‌వర్డ్ ఫైలును మామూలు యూజర్లు చదవలేకుండా ఎవరైనా అనుమతులు మార్చారేమో చూడాలి. ఆ ఫైలు అనుమతులు 644గా (అందరూ చదవొచ్చు, యజమాని మాత్రమే రాయొచ్చు) ఉండాలి.

మూడో తలుపు: రుజువు

కీ విషయానికొస్తే, డాష్ ‘వి’ అవుట్‌పుట్‌లో ‘ఆఫరింగ్ పబ్లిక్ కీ’ అన్న లైను మీ వైపు నుంచి ఏ కీ వెళ్లిందో చెబుతుంది. ‘సర్వర్ యాక్సెప్ట్స్ కీ’ అని వస్తే సర్వర్ దాన్ని గుర్తుపట్టింది. మొదటిదే లేకపోతే తప్పు మీ లాప్‌టాప్‌లో ఉంది. మొదటిది ఉండి రెండోది లేకపోతే సర్వర్ వైపు చూడాలి.

సర్వర్ వైపు ఎక్కువగా కనిపించేది అనుమతుల తప్పు. హోమ్ ఫోల్డర్‌లో గ్రూపువాళ్లో ఇంకెవరో రాయగలిగేలా ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ ఆ కీ ఫైలును నమ్మదు, ఎందుకంటే వాళ్లు తమ కీని మీ పేరు మీద చేర్చుకోగలరు. డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్ 700, ‘ఆథరైజ్డ్ కీస్’ ఫైలు 600 (రెండూ యజమానికి తప్ప ఎవరికీ అందవని అర్థం), రెండిటి యజమానీ ఆ యూజరే అయి ఉండాలి. అడ్మిన్ రూట్‌గా ఉండి ఫైలు చేసిచ్చినప్పుడు యజమాని రూట్‌గానే ఉండిపోవడం చాలా మామూలు. లాగ్‌లో ‘బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్’ అని స్పష్టంగా రాస్తుంది, పక్కనే ఏ ఫోల్డరో కూడా చెబుతుంది. ఏదో ఒకటి పనిచేస్తుందని హోమ్ మొత్తానికి 777, అంటే అందరికీ అన్ని అనుమతులూ, ఇచ్చేవాళ్లున్నారు. సరిగ్గా దానివల్లే తలుపు మూసుకుపోతుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో అనుమతులన్నీ సరిగా ఉన్నా కీ పనిచేయకపోతే ఎస్‌ఈలినక్స్ అనే అదనపు భద్రతా వ్యవస్థ ఫైళ్లకు వేసే ముద్ర తప్పి ఉండొచ్చు. ఆ ఫోల్డర్ మీద ‘రిస్టోర్‌కాన్’ నడపాలి.

ఫైలు లోపల కీ ఒకే లైనులో ఉండాలి. చాట్‌లోనో మెయిల్‌లోనో అతికించి పంపిన కీ మధ్యలో విరిగి రెండు మూడు లైన్లవుతుంది. చూడటానికి బాగానే ఉంటుంది, పనిచేయదు. విండోస్ సర్వర్‌లో ఇంకో తిరకాసు ఉంది. అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో ఉన్నవాళ్ల కీని మామూలుగా వాళ్ల ఫోల్డర్‌లో చూడదు, ‘ప్రోగ్రామ్‌డేటా’ కింద ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లోని ప్రత్యేక ఫైల్లో చూస్తుంది. మామూలు యూజర్‌గా లాగిన్ అయిన మనిషికి అడ్మిన్ హక్కులివ్వగానే కీ పనిచేయడం మానేసిందంటే ఇదే కారణం.

కీలను దాచుకుని అడిగినప్పుడు అందించే ‘ఏజెంట్’ ప్రోగ్రామ్‌లో పది కీలు పెట్టుకున్నవాళ్లకు ‘టూ మెనీ అథెంటికేషన్ ఫెయిల్యూర్స్’ ఎదురవుతుంది. సర్వర్ మామూలుగా 6 ప్రయత్నాల దాకా ఓర్చుకుంటుంది, ప్రతి తప్పు కీ ఒక ప్రయత్నమే. సరైన కీ ఏడోదైతే దాని వంతు రాదు. కాన్ఫిగ్‌లో ఆ హోస్ట్ కింద కీ ఫైలు పేరు రాసి ‘ఐడెంటిటీస్ ఓన్లీ యెస్’ పెడితే తీరిపోతుంది.

లాప్‌టాప్ అప్‌డేట్ అయ్యాక పాత సర్వర్‌కు మాత్రమే కీ పనిచేయకపోతే 2021లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.8 వెర్షన్‌ను గుర్తుచేసుకోండి. షా-1 అనే పాత పద్ధతితో చేసే ఆర్‌ఎస్‌ఏ కీ సంతకాలను అప్పటి నుంచి మామూలు సెట్టింగుల్లో ఆపేశారు. అందులో కీ తప్పేమీ లేదు, పాత సర్వర్‌కు కొత్త సంతకం రాదు. ఈడీ25519 అనే ఇంకో రకం కీ ఆ సర్వర్‌కు అర్థమైతే అది వాడటం మేలు.

నాలుగో తలుపు: రుజువైనా ఆపేసేవి

పాస్‌వర్డ్ అచ్చంగా సరైనదే, అయినా తప్పంటోంది. అప్పుడు ముందు చూడాల్సింది తప్పు ప్రయత్నాలు లెక్కపెట్టి తాళం వేసే ‘ఫెయిల్‌లాక్’. మనం ఏమీ మార్చకపోతే దాని లెక్క ప్రకారం 3 సార్లు తప్పు కొడితే 600 సెకన్లు తాళం పడుతుంది. ఆ పది నిమిషాల్లో సరైన పాస్‌వర్డ్ కొట్టినా తప్పనే అంటుంది. మనిషి కంగారుపడి రీసెట్ చేయించుకుంటాడు. ఈలోగా గడువు తీరి తాళం తెరుచుకుంటుంది, రీసెటే పనిచేసిందనుకుంటాడు. పాత పాస్‌వర్డ్ దాచుకున్న ఏదో స్క్రిప్టు వెనకాల కొడుతూనే ఉంటే మళ్లీ మళ్లీ ఇదే తంతు.

కీతో వచ్చేవాళ్లకూ పాస్‌వర్డ్ గడువు తగులుతుందన్నది చాలామందికి తెలియదు. కీ ఒప్పుకున్నాక కూడా పామ్ (లినక్స్‌లో లాగిన్ నియమాలు చూసే వ్యవస్థ) చేసే అకౌంట్ పరీక్ష ఉంటుంది. గడువు తీరితే పాస్‌వర్డ్ మార్చమంటుంది. మనిషైతే మారుస్తాడు, రాత్రి బ్యాకప్ తీసే స్క్రిప్టు మాత్రం అక్కడే చతికిలపడుతుంది. ‘చేజ్’ కమాండ్‌కు డాష్ చిన్న ‘ఎల్’ ఇచ్చి గడువు చూడొచ్చు.

సర్వర్ కాన్ఫిగ్‌లో ఒక నియమం గుర్తుంటే బోలెడు సమయం మిగులుతుంది: ఒకే సెట్టింగు రెండుసార్లు ఉంటే మొదట కనిపించిందే చెల్లుతుంది. అసలు ఫైల్లో ‘పాస్‌వర్డ్ అథెంటికేషన్ యెస్’ అని రాసి, రీస్టార్ట్ చేసినా మార్పు రాలేదంటే, క్లౌడ్ ఇమేజ్ ముందే పెట్టిన చిన్న ఫైలు పక్క ఫోల్డర్‌లో ‘నో’ అని చెబుతూ ఉంటుంది. దాన్ని ముందు చదువుతుంది కాబట్టి దానిదే చెల్లుబాటు. ‘ఎస్‌ఎస్‌హెచ్‌డీ’కి డాష్ పెద్ద ‘టి’ ఇస్తే నిజంగా అమలవుతున్నదేంటో చూపిస్తుంది. ఏ మార్పు చేసినా డాష్ చిన్న ‘టి’తో ఫైలు సరిగా ఉందో చూసి, ఉన్న సెషన్ మూయకుండా ఇంకో విండోలో కొత్తగా లాగిన్ అయి చూడండి. ఈ రెండూ మానేసి సొంత సర్వర్ బయట నిలబడ్డవాళ్లు తక్కువేం కాదు.

లోపలికి వచ్చాక మనిషి మారితే

లాగిన్ అయింది, ఫైలు మాత్రం తెరుచుకోదు. ‘ఐడీ’ కమాండ్ కొట్టండి. గ్రూపులు లాగిన్ అయిన క్షణాన తగిలించేవి. తర్వాత చేర్చిన గ్రూపు పాత సెషన్‌కు రాదు. బయటికెళ్లి మళ్లీ రండి అంటారు, అదీ పనిచేయకపోవచ్చు. ఎస్‌ఎస్‌హెచ్‌లో ‘కంట్రోల్ మాస్టర్’ పెట్టుకుంటే కొత్త విండో కూడా పాత కనెక్షన్ మీదే నడుస్తుంది, పాత గ్రూపులతోనే. డాష్ పెద్ద ‘ఓ’, ‘ఎగ్జిట్’ ఇచ్చి ఆ మాస్టర్‌ను ఆపాలి. వీఎస్ కోడ్ రిమోట్ వాడేవాళ్లు సర్వర్‌లో మిగిలిపోయిన దాని సర్వర్ ప్రాసెస్‌ను చంపి మళ్లీ తెరవాలి. మనం బయటికెళ్లినా సెషన్‌ను నడుపుతూ ఉంచే టీమక్స్‌లోని పాత సెషన్‌దీ ఇదే కథ.

గ్రూపులో చేర్చేటప్పుడు ‘యూజర్‌మాడ్’కు పెద్ద ‘జి’తో పాటు చిన్న ‘ఎ’ ఇవ్వడం మరిస్తే కొత్త గ్రూపు చేరుతుంది కానీ, జాబితాలో రాయని పాత అదనపు గ్రూపులన్నీ పోతాయి. డాకర్ హక్కు అడిగిన మనిషికి సుడో (రూట్‌గా కమాండ్లు నడిపే) హక్కు ఊడిపోయేది ఇలాగే.

రెండు సర్వర్లు నెట్‌వర్క్ మీద ఒకే ఎన్‌ఎఫ్‌ఎస్ డిస్కు పంచుకున్నప్పుడు నంబర్ల ఆట బయటపడుతుంది. మామూలు పద్ధతిలో ఎన్‌ఎఫ్‌ఎస్ అనుమతులు చూసేది నంబరుతోనే. ఒక సర్వర్‌లో 1003 స్వాతి, ఇంకో సర్వర్‌లో 1003 కిరణ్ అయితే స్వాతి ఫైళ్లు అక్కడ కిరణ్‌వవుతాయి. ‘ఎల్‌ఎస్’కు డాష్ ‘ఎల్’, ‘ఎన్’ కలిపి ఇచ్చి పేర్లకు బదులు నంబర్లు చూస్తే ఇట్టే తెలుస్తుంది. ఆ పద్ధతిలోనే ఒక మనిషికి 16 గ్రూపులకు మించి వెళ్లవు. పదిహేడో గ్రూపులో చేర్చినవాళ్లకు ఒక ఫోల్డర్ మాత్రమే తెరుచుకోకపోతే దీన్ని అనుమానించాలి.

యూజర్‌మాడ్‌తో నంబరు మారిస్తే హోమ్ ఫోల్డర్‌లోని ఫైళ్ల యజమానిని అదే మారుస్తుంది, బయటి ఫైళ్లను ముట్టుకోదు. అకౌంట్ తీసేసినప్పుడైతే హోమ్ బయట ఉన్నవి ఆ నంబరు మీదే మిగిలిపోతాయి. కొన్ని నెలల తర్వాత కొత్తగా చేరినవాళ్లకు ఖాళీ అయిన ఆ నంబరే దక్కితే, ఉద్యోగం మానేసినవాళ్ల ఫైళ్లన్నీ మొదటిరోజే వాళ్లవైపోతాయి. అకౌంట్ తీసేసిన రోజే ‘ఫైండ్’ కమాండ్‌ను ‘నోయూజర్’తో నడిపి, యజమాని లేని ఫైళ్లను ఎవరికో ఒకరికి అప్పగించి, ఆ నంబరును ఇంకెవరికీ ఇవ్వకుండా రాసిపెట్టుకోవాలి.